ఐపీ లాయరుకి శాలువా ఎందుకు కప్పాం?

మన ఊళ్ళలో "ఫలానా ఆయన ఐపీ పెట్టాడంట" అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? చిట్టీల డబ్బు మింగి ఇంటికి తాళం వేసిన మనిషి. ఆ తాళం ముందు నిలబడి శాపనార్థాలు పెట్టే ఆడవాళ్ళు. ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అనీ, అది కోర్టులో వేసే ఒక దరఖాస్తు అనీ మనలో చాలామందికి తెలియదు. మనకి అది ఒక తిట్టు. ఆ కేసులు చూసే లాయరంటే ఎగ్గొట్టేవాడికి తోడు నిలిచినవాడు అనే లెక్క.

అందుకే పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం మన సంఘం ఇద్దరు దివాలా కేసుల వకీళ్ళకి శాలువా కప్పినప్పుడు వెనక వరసలో గుసగుసలు మొదలయ్యాయి. కార్యక్రమం అయ్యాక ఒక తమ్ముడు నన్నే పట్టుకుని అడిగాడు. "అన్నా, రక్తదానం చేసినోళ్ళకి కప్పిండ్రు, శవాలను ఇంటికి పంపినోళ్ళకి కప్పిండ్రు, మంచిగుంది. గీ దివాలా వకీళ్ళకు ఎందుకు?" ఆ తమ్ముడికీ, అడగకుండా వెళ్ళిపోయినవాళ్ళకీ ఇది నా జవాబు. సన్మానం అందుకున్న ఇద్దరూ తమ పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. నేను బీకాం చదివాను. దివాలా గురించి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని. కొన్నేళ్ళ కిందట షార్జాలో ఒక చిన్న కాంట్రాక్టింగ్ కంపెనీ మూతపడింది. పదకొండు మంది మనవాళ్ళకి ఐదు నెలల జీతం బాకీ. పీఆర్వో వచ్చి "ఈ కాగితం మీద సంతకం పెట్టండి, టిక్కెట్లు ఇస్తాం" అన్నాడు. వాళ్ళు నాకు ఫోన్ చేశారు. "కంపెనీ దివాలా తీశాక ఇంకేం వస్తుంది, టిక్కెట్ దొరికినప్పుడే వెళ్ళిపోండి" అని చెప్పాను. పదకొండు మందీ సంతకం పెట్టారు. ఆ కాగితంలో "నాకు రావాల్సినవన్నీ ముట్టాయి" అని రాసి ఉంది. అదే కంపెనీలో సంతకం పెట్టకుండా, ఒక వకీలుని పట్టుకుని కేసు వేసిన నలుగురికి తర్వాత బాకీలో కొంత వచ్చింది. జగిత్యాల నుంచి ఒక పెద్దాయన చాలాకాలం ఫోన్ చేసేవాడు. "సార్, మా పైసలు ఏమన్న వచ్చేటట్టున్నయా?" అని అడిగేవాడు. నా దగ్గర సమాధానం లేదు.

నేను చదివిన చదువు చెప్పని విషయం ఆ వకీలు నాకు చెప్పారు. కంపెనీ దివాలా తీసిందంటే ఏమీ మిగల్లేదని కాదు. క్రేన్లు, బండ్లు, సామాను, ఇంకా వసూలు కావాల్సిన బిల్లులు ఉంటాయి. కోర్టు ఒక ట్రస్టీని పెట్టి, వాటిని లెక్కగట్టి, బాకీదారులకి వరస ప్రకారం పంచుతుంది. తాకట్టు పెట్టుకున్న బ్యాంకు ముందుంటుంది నిజమే. కానీ సిమెంటు, స్టీలు అరువిచ్చిన సప్లయర్ల కన్నా కూలివాడి జీతం, గ్రాట్యుటీ ఒక పరిమితి వరకు ముందు వరసలో ఉంటాయి. అయితే జాబితాలో పేరుంటేనే. గడువులోగా క్లెయిమ్ వేయనివాడికి వరసలో చోటుండదు.

ఇవి చిన్న కంపెనీల కష్టాలే అనుకోకండి. బుర్జ్ ఖలీఫా కట్టిన కంపెనీల్లో ఒకటైన అరబ్‌టెక్‌ని మూసేయాలని దాని వాటాదారులు 2020 సెప్టెంబరు 30న తీర్మానించారు. అందులో అప్పుడు సుమారు 40 వేల మంది పనిచేసేవారు. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టింది.

ఇప్పుడు ఈ ఇద్దరూ ఏం చేశారో చెప్తాను. నిరుడు ఒక కంపెనీలో జీతాలు ఆగినప్పుడు వరసగా మూడు సాయంత్రాలు క్యాంపు మెస్సులో కూర్చున్నారు. ఒక్కొక్కరినీ పిలిచి, ఎన్ని నెలలు బాకీ, బేసిక్ ఎంత, ఎన్నేళ్ళ సర్వీసు అని రాసుకున్నారు. కూలివాళ్ళ దగ్గర ఫీజు తీసుకోలేదు. ముందు మినిస్ట్రీలో ఫిర్యాదు పెట్టించారు. కంపెనీ కట్టిన ఇన్సూరెన్సు సంగతి బయటికి తీశారు. 2018లో వచ్చిన ఈ పద్ధతిలో కంపెనీ చేతులెత్తేస్తే ఒక్కో మనిషికి 20 వేల దిర్హముల వరకు జీతం, గ్రాట్యుటీ, టిక్కెట్ కింద రావడానికి వీలుంది. క్యాంపులో ఆ మాట విన్నవాళ్ళే లేరు.

రెండో పని ఇంకా గుట్టుగా జరిగేది. మన ఫోర్‌మన్ ఒకాయన బ్యాంకు లోను, రెండు క్రెడిట్ కార్డులు తీసుకుని, ఓవర్‌టైం ఆగేసరికి మునిగిపోయాడు. రాత్రికి రాత్రే విమానం ఎక్కేద్దామనుకున్నాడు. వకీలమ్మ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది. "ఊరెళ్ళినా అప్పు మీ వెంటే వస్తుంది. 2020 జనవరి నుంచి ఇక్కడి సివిల్ కోర్టు తీర్పుని ఇండియా కోర్టులో అమలు చేయించుకునే వీలుంది." ఉద్యోగుల్లాంటి మామూలు మనుషుల కోసం ఈ దేశంలో 2019 నాటి దివాలా చట్టం ఉంది. అప్పులన్నీ కోర్టు ముందు పెట్టి, మూడేళ్ళ లోపు తీర్చే ప్రణాళిక అడగొచ్చు. కానీ ఆమె ఆయనతో ఆ కేసు కూడా వేయించలేదు. బ్యాంకుతో నేరుగా మాట్లాడి వాయిదా తగ్గించింది. కేసు వేయిస్తే ఆమెకి ఫీజు వచ్చేది. వేయొద్దని చెప్పిన లాయరుకి ఏమొస్తుంది? మేం కప్పింది అందుకే.

ఇలాంటి సన్మానం మనం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో ఈ రంగంలో పేరున్న లాయర్లని, జడ్జీలని సభ్యులుగా ఎంపిక చేసి గౌరవించే అమెరికన్ కాలేజ్ ఆఫ్ బ్యాంక్రప్ట్సీ 1989 నుంచి ఉంది. పేదల దివాలా కేసులు ఉచితంగా చూసే సంస్థలకి డబ్బు సాయం చేసే ఫౌండేషన్ కూడా దానికి ఉంది. రోచెస్టర్‌లో జాన్ నిన్ఫో అనే దివాలా కోర్టు జడ్జి 2002లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. లాయర్లు బడులకి వెళ్ళి పిల్లలకి క్రెడిట్ కార్డు అప్పుల గురించి చెప్పడం దాని పని. మునిగినవాణ్ణి చూసినవాడే గట్టు మీదివాడికి లోతు చెప్పగలడు.

ఇక మీరు చేయాల్సినవి, ఆ ఇద్దరూ సభలో చెప్పినవే:

• జీతం రెండో నెల ఆగిందంటే కంపెనీ మూసేదాకా చూడొద్దు. మినిస్ట్రీ లేబర్ ఫిర్యాదుల నంబరు 80084. మన కాన్సులేట్ సహాయ కేంద్రం 80046342.

• అర్థం కాని కాగితం మీద సంతకం వద్దు. డబ్బు చేతికి రాకుండా "అన్నీ ముట్టాయి" అన్న చోట అసలే వద్దు.

• కాంట్రాక్టు, లేబర్ కార్డు, జీతం పడిన మెసేజీలు, అన్నిటికీ ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకి పంపి ఉంచండి.

• పని మానేసిన రోజు నుంచి కేసుకి రెండేళ్ళ గడువు ఉంది. 2024 ఆగస్టుకి ముందు అది ఏడాదే. లక్ష దిర్హముల లోపు లేబర్ కేసుకి కోర్టు ఫీజు లేదు.

• తప్పక వెళ్ళాల్సి వస్తే, వెళ్ళేముందే ఇక్కడ నోటరీ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వండి. ఊరెళ్ళాక చేయించాలంటే ఖర్చు, తిరుగుడు రెండూ ఎక్కువ.

• ఇంకొకరి లోనుకి మీ చెక్కు ఇవ్వొద్దు. 2022 నుంచి ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగొస్తే మామూలుగా జైలు లేదు గానీ, డబ్బు వసూలుకి నేరుగా కోర్టు అమలుకే పోతుంది.

ఇళ్ళలో పనిచేసే అక్కలకి ఒక మాట. నెలకి ఐదు దిర్హములు కట్టే ఉద్యోగ నష్టం ఇన్సూరెన్సు మీకు వర్తించదు. "సార్ వ్యాపారం పోయింది, మేడం ఏడుస్తోంది, ఎట్లా అడగను?" అని ఒక అక్క నాతో అంది. ఆమె మంచి మనసుకి దండం. కానీ ఆమె జీతం కోసం కడప జిల్లాలో ఇద్దరు పిల్లలు ఎదురుచూస్తున్నారు. జీతం తేదీ దాటిన పది రోజుల్లోగా ఇవ్వాలని మీ చట్టం చెప్తోంది. మీ ఫిర్యాదు కూడా అదే మినిస్ట్రీకి వెళ్తుంది. అడగడం ద్రోహం కాదు.

శాలువా తీసి మడతపెడుతూ ఆ పెద్ద వకీలు అన్న మాట ఇది. "నా దగ్గరికి అందరూ ఆలస్యంగా వస్తారు. వచ్చే ఏడు నాకు శాలువా వద్దు, ఒక నెల ముందు రండి."

ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం మన సంఘం గదిలో వాళ్ళిద్దరిలో ఒకరు కూర్చుంటున్నారు. మీ కాగితాలు పట్టుకుని రండి. పక్కన జాబితా రాసేది నేనే. ఈసారి ఎవరికీ "వెళ్ళిపోండి" అని చెప్పను.