కనిపించని దారంతో ఎగిరే విమానం

2003వ సంవత్సరం, ఆగస్టు 11. ఐర్లండు దేశపు పడమటి తీరంలో, క్లిఫ్డెన్ అనే ఊరి దగ్గర, కొద్దిమంది సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. వారు ఎదురుచూస్తున్నది ఓడ కోసం కాదు, ప్రయాణికుల విమానం కోసమూ కాదు. రెక్కల ఈ కొన నుంచి ఆ కొనకు రెండు మీటర్లయినా లేని, ఇంధనంతో కలిపి తూచినా 5 కిలోలు దాటని ఒక చిన్న నమూనా విమానం కోసం. అది ఆగస్టు 9న కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరం నుంచి బయలుదేరింది. దారి పొడవునా అట్లాంటిక్ మహాసముద్రమే. మధ్యలో ఆగడానికి అడుగు నేల లేదు.

ఆ విమానం వచ్చిందా? ఆ సంగతి చివర చెప్పుకుందాం. అసలు ఇటువంటి విమానం ఎలా ఎగురుతుందో, దాన్ని నేలమీద నిలబడి ఎలా నడుపుతారో తెలిస్తే, ఆ తీరంలో నిలబడినవారి ఆత్రం ఎటువంటిదో మీకే అర్థమవుతుంది.

దారం బదులు రేడియో

సంక్రాంతికి మీరు గాలిపటం ఎగరవేసే ఉంటారు. దారం లాగితే పటం పైకి లేస్తుంది, వదిలితే దూరం పోతుంది. అంటే మీ చేతి కదలికను పటానికి చేరవేసేది దారమే. రేడియో విమానానికీ ఒక దారం ఉంది. కాని అది కంటికి కనిపించదు. అదే రేడియో తరంగం.

రేడియోతో యంత్రాలను నడపవచ్చునని నికొలా టెస్లా 1898లోనే న్యూయార్క్‌లో ఒక చిన్న పడవతో చేసి చూపించాడు. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రానికి చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో తమ నమూనా విమానాన్ని రేడియోతో నడిపారు. దాని పేరు ‘గఫ్’. ఆనాటి రేడియో పరికరాల బరువు మోయడానికి దానికి రెండున్నర మీటర్ల వెడల్పు రెక్కలు కావలసివచ్చాయి. ఈనాడు అదే పని చేసే గ్రాహక పరికరం అగ్గిపెట్టెకన్నా చిన్నదిగా, కొద్ది గ్రాముల బరువుతో దొరుకుతుంది.

మీ చేతిలో ఉండే పెట్టె ట్రాన్స్‌మిటర్. దానిమీద రెండు చిన్న కర్రలు ఉంటాయి. విమానంలో ఉండేది రిసీవర్. ఈనాటి పరికరాలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో పనిచేస్తాయి. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగించి చూడండి. తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. అందుకే రిసీవర్‌కు పొడవాటి ఏరియల్ అక్కరలేదు. తరంగదైర్ఘ్యంలో నాలుగోవంతు, అంటే సుమారు 3 సెంటీమీటర్ల తీగ చాలు.

రిసీవర్ అందుకున్న ఆజ్ఞను కదలికగా మార్చేది సర్వో. ఇందులో ఒక చిన్న మోటారు, కొన్ని పళ్లచక్రాలు, ఒక విద్యున్నిరోధం ఉంటాయి. రిసీవర్ దానికి సెకనుకు సుమారు 50 విద్యుత్ స్పందనలు పంపుతుంది. స్పందన 1.5 మిల్లీసెకండ్లు ఉంటే సర్వో చెయ్యి మధ్యలో నిలుస్తుంది. 1 మిల్లీసెకండుకు తగ్గితే ఒక పక్కకు, 2కు పెరిగితే రెండో పక్కకు తిరుగుతుంది. చెయ్యి ఎంత తిరిగిందో లోపలి విద్యున్నిరోధం ఎప్పటికప్పుడు చెబుతూ ఉంటుంది. చెప్పినచోటికి చేరగానే మోటారు ఆగిపోతుంది. కనుక మీరు కర్రను కొంచెం కదిపితే విమానం తోకలోని చుక్కాని కూడా కొంచెమే కదులుతుంది.

రెక్క మోసే బరువు

కదిలే విమానపు రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం గాలి రెక్కను పైకి నెడుతుంది. ఈ బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలన్నమాట. రెక్క ముందు అంచును కొంచెం పైకెత్తినా బలం పెరుగుతుంది. కాని దీనికొక హద్దు ఉంది. గాలి వచ్చే దిశకు రెక్క సుమారు 15 డిగ్రీలకు మించి వాలిందంటే, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పారే గాలి చెదిరిపోతుంది. అప్పుడు రెక్క బరువు మోయలేదు, విమానం జారిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు.

ఇక లెక్క చూద్దాం. మొదటి విమానానికి 120 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క అనుకుందాం. వైశాల్యం 2400 చదరపు సెంటీమీటర్లు, అంటే 24 చదరపు డెసిమీటర్లు. విమానం మొత్తం బరువు 720 గ్రాములయితే, ఒక్కొక్క చదరపు డెసిమీటరు మోయవలసింది 30 గ్రాములు. నేర్చుకొనేవారికి ఇది తగిన బరువు.

అదే రెక్కతో బరువును రెట్టింపు చేస్తే ఏమవుతుంది? గాలిలో నిలబడడానికి కావలసిన వేగపు వర్గం కూడా రెట్టింపు కావాలి. గతిజశక్తి ద్రవ్యరాశిని బట్టీ, వేగపు వర్గాన్ని బట్టీ పెరుగుతుందని మీరు చదువుకున్నారు. రెండూ రెట్టింపయ్యాయి కనుక, నేలకు కొట్టుకుంటే తగిలే దెబ్బ నాలుగింతలవుతుంది! తేలికగా కట్టిన విమానం మెల్లగా ఎగురుతుంది, పడినా తక్కువ విరుగుతుంది. ‘గట్టిగా ఉంటుందిలే’ అని జిగురు, చెక్క ఎక్కువగా వాడేవారు తెలియకుండా ప్రమాదాన్నే పెంచుకుంటున్నారు.

పాతకాలం నుంచీ నమూనా విమానాలకు పేరుపడిన కర్ర బాల్సా. మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో పెరిగే చెట్టు ఇది. దీని సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 160 కిలోగ్రాములు. టేకులో దాదాపు నాలుగోవంతు. అయినా బరువుతో పోల్చి చూస్తే ఎంతో గట్టిది. మొదటిసారి కట్టేవారికి మాత్రం ఫోమ్ రేకులు మేలు. పదునైన కత్తితో కోయవచ్చు, విరిగితే అతికించవచ్చు. రెక్క వంగిపోకుండా లోపల దూలంలాగా ఒక సన్నని కర్రగాని, కార్బన్ గొట్టంగాని పెట్టాలి. ఫోమ్‌ను కొన్ని రకాల జిగుర్లు కరిగించివేస్తాయి. కనుక ముందు ఒక తుంటమీద పూసి చూడండి.

రెక్కను విమానం వీపుమీద ఉంచి, రెండు కొనలనూ కొద్దిగా పైకి ఎత్తి అతికించండి. విమానం ఒక పక్కకు ఒరిగినప్పుడు ఈ ఎత్తే దాన్ని తిరిగి సమంగా నిలబెడుతుంది. ఇటువంటి విమానానికి మూడు ఆజ్ఞలు చాలు. మోటారు వేగం, పక్కకు తిప్పే చుక్కాని, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్.

గరిమనాభి ఎక్కడ?

ఒక ప్రయోగం చెయ్యండి. కాగితంతో మామూలు విమానం మడిచి మెల్లగా విసరండి. ముక్కు పైకెత్తి, ఆగి, తోకవైపు జారి పడిందా? ఇప్పుడు ముక్కుకు ఒక కాగితాల క్లిప్పు తగిలించి మళ్లీ విసరండి. ఈసారి చాలావరకు తిన్నగా జారుతూ పోతుంది. మీరు మార్చింది గరిమనాభి స్థానం మాత్రమే.

మన విమానానికి గరిమనాభి రెక్క ముందు అంచు నుంచి దాని వెడల్పులో నాలుగోవంతు మొదలు మూడోవంతు లోపల ఉండాలి. అంటే 5 నుంచి 6.5 సెంటీమీటర్ల మధ్య. బ్యాటరీతో సహా అన్నీ బిగించాక, రెక్క అడుగున ఆ చోట రెండు చూపుడువేళ్లు పెట్టి ఎత్తండి. విమానం సమంగాగాని, ముక్కు కొద్దిగా కిందికి వాలిగాని నిలవాలి. తోక కిందికి వాలితే ఎగరవేయకండి. తోక బరువైన విమానం, కర్ర కొంచెం కదిపితే చాలు, విపరీతంగా ఎగిరిపడుతుంది.

తోక దగ్గర 10 గ్రాముల రంగు ఎక్కువైందనుకోండి. తోక గరిమనాభికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాని బలభ్రామకం 600. ముక్కు 20 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది కనుక, అక్కడ 30 గ్రాములు వేస్తేగాని తూగదు. 10 గ్రాముల అజాగ్రత్తకు విమానం 40 గ్రాముల శిక్ష మోస్తుంది. అందుకే వెనకభాగాన్ని వీలైనంత తేలికగా కట్టాలి, బ్యాటరీని ముందుకో వెనక్కో జరిపి సమం చేసుకోవాలి.

కుడి ఎడమల తికమక

ఎగరవేసే ముందు ట్రాన్స్‌మిటర్‌ను మొదట వెయ్యాలి, తరువాత విమానంలో బ్యాటరీ కలపాలి. దిగాక ముందు విమానంలోని బ్యాటరీ తీసి, ఆ తరువాతే ట్రాన్స్‌మిటర్ ఆపాలి. ఆజ్ఞ ఇచ్చేవాడు లేకుండా విమానం ఒక్క క్షణం కూడా మేలుకొని ఉండకూడదన్నమాట. ఆపైన విమానం వెనక నిలబడి చూడండి. కర్ర కుడికి తోస్తే చుక్కాని వెనక అంచు కుడికి తిరగాలి. కర్ర మీవైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. ఏది తిరగబడినా ఆ విమానం కొన్ని సెకండ్లలో నేలపాలవుతుంది.

గాలికి ఎదురుగా వదలండి. ఎత్తుకు పోనివ్వండి. ఎత్తు అంటే దిద్దుకొనేందుకు దొరికే సమయం. 5 మీటర్ల ఎత్తు నుంచి వస్తువు పడడానికి ఒక సెకను పడుతుంది, 45 మీటర్ల నుంచి మూడు సెకండ్లు. విమానం జారుతున్నట్టు కనిపిస్తే, కొత్తవారు భయపడి కర్రను ఇంకా ఇంకా లాగుతారు. అది స్టాల్‌ను పెంచుతుందే కాని తగ్గించదు. చెయ్యవలసింది అందుకు వ్యతిరేకం. ముక్కు కొద్దిగా దించి, మోటారు వేగం పెంచాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. విమానం మీనుంచి దూరంగా పోతున్నప్పుడు దాని కుడి మీ కుడి ఒక్కటే. అది తిరిగి మీవైపు వస్తున్నప్పుడు దాని కుడి మీ ఎడమ అవుతుంది. ఎన్నో మొదటి విమానాలు ఇక్కడే విరుగుతాయి. దీనికొక ఉపాయం ఉంది. ఎదురుగా వస్తున్న విమానానికి మీకు ఏ పక్కన రెక్క వాలిందో కర్రను ఆ పక్కకే తోయండి, వాలుతున్న రెక్కకు కర్రతో ఆసరా ఇస్తున్నట్టుగా. ఇది చదివితే రాదు, చేతికి అలవాటు కావాలి. కంప్యూటరులో సిమ్యులేటర్ మీద కొన్ని గంటలు సాధన చేస్తే ఒక విమానం ఖర్చు మిగులుతుంది. ఎన్.సి.సి. ఎయిర్ వింగ్ కేడెట్లు నమూనా విమానాల నిర్మాణం నేర్చుకుంటారు. మీ బడిలో ఆ విభాగం ఉంటే చేరండి.

తిరిగే ప్రొపెల్లర్ వేళ్లను కోసివేస్తుంది. కనుక బల్లమీద పని చేసేటప్పుడు దాన్ని ఊడదీసి ఉంచండి. లిథియం పాలిమర్ బ్యాటరీ ఉబ్బినా, నలిగినా నిప్పంటుకోవచ్చు. పెద్దవారు దగ్గర లేకుండా దాన్ని ఛార్జి చెయ్యకండి. జనం మీద, రోడ్డు మీద ఎగరవేయకండి. మన దేశంలో రిమోటుతో నడిచే విమానాలకు 2021 డ్రోన్ నియమాలు ఉన్నాయి. విమానాశ్రయాల పరిసరాల వంటి చోట్ల అనుమతి లేకుండా ఎగరవేయకూడదు. మీ మైదానం ఏ మండలంలో ఉందో పెద్దలతో కలిసి ముందే తెలుసుకోండి.

తీరం చేరిన విమానం

ఇప్పుడు అట్లాంటిక్ విమానం సంగతికి వద్దాం. దాన్ని తయారుచేయించిన మేనార్డ్ హిల్‌కు అప్పటికి 77 ఏళ్లు. 1970లోనే తన నమూనా విమానాన్ని 8,205 మీటర్ల ఎత్తుకు పంపినవాడాయన. కాని వయసు మీరాక చూపు చాలావరకు పోయింది, వినికిడి కూడా తగ్గింది. బాల్సా చెక్క నునుపును, రెక్క వంపును చేతివేళ్లతో తడిమి తెలుసుకుంటూ, మిత్రుల సాయంతో ఆయన ఈ విమానం కట్టాడు. బయలుదేరేటప్పుడు దాని బరువులో దాదాపు సగం ఇంధనమే. నడిసముద్రంలో చేతిలోని రేడియో అందదు కనుక, ఉపగ్రహాల సాయంతో దారి తెలుసుకొనే చిన్న పరికరం దాన్ని నడిపింది. బయలుదేరేటప్పుడు, దిగేటప్పుడు మాత్రం మనుషులే నడిపారు. అంతకుముందు ఆ బృందం పంపిన విమానాలు ఒక్కటీ గమ్యం చేరలేదు. అందుకే దీని పేరులో 5 అనే అంకె ఉంది.

ఆనాటి మధ్యాహ్నం ఆకాశంలో ఒక చుక్క కనిపించింది. తీరంలో ఉన్న డేవ్ బ్రౌన్ ట్రాన్స్‌మిటర్ అందుకొని దాన్ని నేలకు దించాడు. 38 గంటల 52 నిమిషాల్లో అది 3,028 కిలోమీటర్లు ప్రయాణించింది. సగటున గంటకు 78 కిలోమీటర్లు. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనే వైమానికులు ఎక్కడా ఆగకుండా మొట్టమొదట అట్లాంటిక్‌ను దాటి వచ్చి దిగింది కూడా ఈ క్లిఫ్డెన్ దగ్గరే.

మీ మొదటి విమానం ఊరి మైదానం దాటకపోవచ్చు. మొదటి రోజునే ముక్కు విరగ్గొట్టుకోవచ్చు కూడా. ముక్కలు ఏరి ఇంటికి తెచ్చుకోండి. గరిమనాభి సరిగా ఉందా, బరువు ఎంత, గాలి ఎటునుంచి వీచింది, మీ చెయ్యి కర్రను ఎటు తోసింది, ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. జిగురు ఆరేలోగా కారణం దొరుకుతుంది. కారణం దొరికిన మరునాడు మళ్లీ మైదానానికి వెళ్లండి.