మార్లవాయి పంతుళ్లు

తరగతిలోని పిల్లలందఱు ఒకరికొకరు తోడై, ఒకే పట్టుదలతో చదువవలెనన్న నేమి కావలయునని యడిగినచో, మనవారు మంచి పంతులును, మంచి పుస్తకమును పేర్కొని యూరకుందురు. ఆదిలాబాదు గోండుల చరిత్ర నెఱిగినవారు మాత్రము, ఆ బడి యెవరిదన్న ప్రశ్నను ముందు వేయుదురు.

1940లో జోడేఘాటున గోండు నాయకుడు కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల యసంతృప్తికి మూలమేమో తెలిసికొనగోరి, వియన్నాలో జన్మించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫును నిజాము ప్రభుత్వము ఆ కొండలకు పంపెను. ప్రపంచయుద్ధ మప్పుడు జరుగుచుండుటచే, శత్రుదేశపు పౌరుడుగా నెంచబడిన యాతడు హైదరాబాదు సంస్థానము దాటి పోరాదయ్యెను. ఆ నిర్బంధము గోండులకు మేలే చేసినదని నాకు తోచును. ఏలయన, భార్య బెట్టీతో గూడ మార్లవాయి గూడెమున కాపురముండి, కాగితముపై నేమున్నదో చదువలేని కారణమున గూడ తరతరముల సేద్యపుభూమి షాహుకార్ల పాలును, వలసవచ్చినవారి పాలును అగుచుండుట నాతడు కన్నులార చూచెను.

1943లో మార్లవాయిలోనే ఉపాధ్యాయ శిక్షణకేంద్రము వెలసినది. పట్టణమునుండి విద్వాంసులను రప్పింపక, మరాఠీ యక్షరములు కొద్దిగా వచ్చిన గోండు యువకులనే యేరి పంతుళ్లుగా తీర్చిరి. నాగరి లిపిలో గోండీ వాచకములు అచ్చువేయించిరి. ఆ జిల్లాలో పనిచేసిన సేతుమాధవరావు పగడి యను అధికారి తానే గోండీ నేర్చుకొనెను. నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నదమ్ముల సగలుగా, అనగా వంశవర్గములుగా, ప్రతి గోండునకు పుట్టుకతోనే బంధుత్వము నిర్ణయమై యుండుటచేత, పంతులు ఒక పిల్లవానికి మామయు, మఱియొకనికి అన్నయు నగును గదా! అట్టివాని యెదుట బిడ్డకు నోరు పెగలకుండుట యెట్లు? ఆ సంవత్సరములలోనే ప్రభుత్వము పట్టాలు పంచసాగి, 1949 నాటికి సుమారు 1,60,000 ఎకరములు గిరిజనుల పేర వ్రాయుటచే, తండ్రి చేతికి వచ్చిన కాగితమును చదువగల కొడుకు గూడెమంతటికి కావలసినవాడయ్యెను. ఆ పిల్లల చదువునకు ప్రేరణ నిచ్చినది బహుమానములు కావు, ఈ యవసరమే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప తెలుగు బోధనాభాషయై, గోండీ వాచకములు మూలబడినవి. నేడు ఉట్నూరు ఐ.టి.డి.ఎ. (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఆశ్రమపాఠశాలలలో గోండు, కోలాము, లంబాడీ బిడ్డలు ఒకే బల్లపై కూర్చుందురు. ఇంటి భాష వేఱు, బడి భాష వేఱు. కరీంనగరము, పెద్దపల్లి ప్రాంతపు ఇటుకబట్టీలకు తలిదండ్రుల వెంట వచ్చిన ఒడియా బిడ్డల కష్టమును ఇట్టిదే.

అట్టి బడులలోని సార్లను, మేడములను నేను కోరునది స్వల్పము. మీ పిల్లల యింటిభాషలో పలుకరించుటకు చాలునన్ని మాటలు బడి తెఱచులోపల నేర్చుకొనుడు. క్రొత్తగా చేరిన బిడ్డ ప్రక్కన, ఆ భాషయు తెలుగును వచ్చిన పెద్దపిల్ల నొకతెను దసరా సెలవుల వఱకైన కూర్చుండబెట్టుడు.