పాకము – పానకము

గత శ్రీరామనవమికి భద్రాచలం వెళ్తూ, దారిలో మా కుసుమంచిలో గణపేశ్వరస్వామి దర్శనానికి ఆగిన యాత్రికులలో ఒక తల్లి నన్ను ఇలా అడిగారు: "పంతులుగారూ, రాములవారికి పానకం నివేదిస్తాము. అరిసెలకు పాకం పడతాము. రెండింటిలోనూ ఉన్నవి బెల్లము, నీళ్లే కదా! ఆ రెండూ ఒకే మాటేనా?"

ప్రశ్న చిన్నదే. సమాధానం మాత్రం వంటయింటి నుండి భగవద్గీత దాకా నడిపిస్తుంది.

ఈ రెండు మాటలకూ చుట్టరికం లేదు. పానకం 'పా' ధాతువు నుండి పుట్టింది. దానికి త్రాగుట అని అర్థం. బెల్లాన్ని నీటిలో కరిగించి మిరియాల పొడి, ఏలకుల పొడి కలిపితే పానకం సిద్ధమవుతుంది. పొయ్యితో పని లేదు. పాకం 'పచ్' ధాతువు నుండి పుట్టింది. దానికి వండుట అని అర్థం. అగ్ని తగలనిదే పాకం లేదు.

సంస్కృతంలో ఏ వంటయినా పాకమే. అందువల్లనే వంటయిల్లు పాకశాల అయింది, వండేవాడు పాచకుడైనాడు. నలుని, భీముని చేతివంట నలభీమపాకమని ప్రసిద్ధి కెక్కింది. తెలుగు ఇళ్లలో మాత్రం ఉత్త 'పాకం' అంటే బెల్లపు పాకమో, చక్కెర పాకమో అని అర్థం. వేళ్ల మధ్య తీగలా సాగితే తీగపాకం. నీళ్లలో వేసిన చుక్క మెత్తని ఉండగా చేతికి వస్తే ఉండపాకం. అరిసెలకు కావలసినది అదే. ఇంకా కాగితే ముదురుపాకం. వ్యవహారం శ్రుతి మించినప్పుడు 'ముదిరి పాకాన పడింది' అంటామే, అక్కడున్నదీ ఈ పాకమే.

పచ్ ధాతువు పొయ్యి దగ్గరే ఆగిపోలేదు. చెట్టున పండినది పక్వఫలం. అనుభవంతో పండిన బుద్ధి పరిపక్వం. చేసిన కర్మ ఫలానికి రావడం విపాకం. గీత పదునైదవ అధ్యాయంలో భగవానుడు తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహాలలో ఉండి, నాలుగు విధాల అన్నాన్ని పచనం చేస్తున్నానని చెప్పాడు. కవిత్వానికి సైతం పాకమున్నది. ఓరుగంటి ప్రతాపరుద్రుని ఆశ్రయించిన విద్యానాథుడు తన ప్రతాపరుద్రీయంలో ద్రాక్షాపాకాన్ని, నారికేళపాకాన్ని వివరించాడు. ద్రాక్ష నోట వేసుకోగానే రసమిస్తుంది. కొబ్బరికాయను ముందు పగులగొట్టాలి.

ఇన్ని అర్థాలలోనూ ఉన్నవి రెండే: తగిన వేడి, తగిన కాలం. మంట మించితే మాడుతుంది. తొందరపడి దించితే పచ్చిగా మిగులుతుంది.

ఈ మాట చెప్పడానికి నాకు పూర్తి అర్హత లేదు. నేను సంస్కృతం చెప్పే రోజులలో ఒక బాలుడు ఎంత వల్లించినా శబ్దరూపాలు తప్పేవాడు. ఒకనాడు విసిగి, "నీకీ విద్య రాదు, పో" అన్నాను. మరునాటి నుండి అతడు రాలేదు. పచ్ ధాతువు రూపాలన్నీ నాకు కంఠస్థమే. పాకం రాకముందే పాత్రను దించిన తప్పు మాత్రం నాదే. అతడు నారికేళమేమో, పగులగొట్టే ఓపిక నాకు లేకపోయిందేమో! ఆ మాట ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

చివరగా మరొక్క విషయం. గీత మూడవ అధ్యాయంలోనూ ఈ ధాతువు కనిపిస్తుంది. తమ కొరకే వండుకొని తినేవారు పాపాన్నే భుజిస్తున్నారని అక్కడి భావం. వంట పూర్తి కావడానికి నిప్పు, నీరు, గింజ ఉంటే చాలు. అది పాకమనిపించుకోవాలంటే దేవునికి నివేదించి, మరొకరికి పెట్టాలి. అన్నదానానికి ఒక బస్తా బియ్యమిచ్చే దాత, తన ఇంట ఎసరులో అతిథి కొరకు ఒక గుప్పెడు ఎక్కువ పోసే ఇల్లాలు, ఈ విషయంలో సమానులే.

ఆ తల్లికి నేనిచ్చిన సమాధానం ఇంతే: "అమ్మా, పానకం కలిపిన వెంటనే పుచ్చుకోవచ్చు. పాకానికి మాత్రం పొయ్యి దగ్గర కనిపెట్టుకొని నిలబడాలి. పిల్లల విషయంలోనూ అంతే."

శుభమ్.