స్కూబా డైవింగ్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నారా? వెచ్చటి సముద్రంలోనూ వెట్‌సూట్ ఎందుకు.. ఎంత మందం తీసుకోవాలంటే!

అండమాన్ వెళ్లి సముద్రం అడుగున చేపల మధ్య ఫొటో దిగడం ఇప్పుడు నరసరావుపేట, మాచర్ల కుర్రాళ్ల ట్రిప్ లిస్టులోనూ చేరిపోయింది. అంత దూరం వద్దనుకునేవాళ్లు విశాఖ రుషికొండ వైపు చూస్తున్నారు. టికెట్లు, హోటల్, కెమెరా.. అన్నీ ముందే సెట్ చేసుకుంటారు. ఒంటి మీద వేసుకునే సూట్ గురించి మాత్రం బోటు ఎక్కేదాకా ఎవరూ ఆలోచించరు. "అక్కడ నీళ్లు వెచ్చగానే ఉంటాయి కదా, టీషర్ట్ చాలదా?" అని అడుగుతారు. చాలదు. ఎందుకో చూద్దాం.

28 డిగ్రీలు.. గాలిలో వేరు, నీటిలో వేరు

రెంటచింతల ఎండలు చూసినవాళ్లకు 28 డిగ్రీలు అంటే ఏసీ గది లెక్క. అండమాన్ సముద్రపు నీళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు 27 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉంటాయి. కానీ నీరు మన ఒంట్లోని వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మన శరీరం 37 డిగ్రీలు, చుట్టూ నీళ్లు 28 డిగ్రీలు. దిగిన మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది. అరగంట దాటాక వేళ్లు చల్లబడతాయి. రోజులో రెండో డైవ్, మూడో డైవ్‌కి వచ్చేసరికి వణుకు మొదలవుతుంది.

పల్నాడులో బావుల్లో ఈత నేర్చుకున్నవాళ్లకు ఇంకో విషయం చెప్పనక్కర్లేదు. ఎండాకాలం బావిలో దూకితే పైన నీళ్లు వెచ్చగా ఉంటాయి, కాస్త కిందికి మునిగితే కాళ్లకు చల్లగా తగులుతుంది. సముద్రంలోనూ అంతే. ఒక లోతు దాటగానే ఒక్కసారిగా చల్లటి పొర వస్తుంది. దీన్నే థర్మోక్లైన్ అంటారు. ఫోన్‌లో చూసిన సముద్రపు ఉష్ణోగ్రత పై నీటిది మాత్రమే.

చలి వేస్తే ఏమవుతుంది, ఓర్చుకుంటే సరిపోదా అనుకోవద్దు. వణికే మనిషి గాలి ఎక్కువగా పీలుస్తాడు, సిలిండర్ త్వరగా ఖాళీ అవుతుంది. గేజ్ మీద ధ్యాస తగ్గుతుంది. పైగా ఒళ్లు చల్లబడితే చర్మానికి, చేతులు కాళ్లకు రక్తప్రసరణ తగ్గి, లోతులో ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి వెళ్లడం నెమ్మదిస్తుంది. డైవర్లు భయపడే డీకంప్రెషన్ జబ్బుకు ఇదొక కారణం.

అసలు సూట్ ఎలా పనిచేస్తుంది?

వెట్‌సూట్ అంటే తడవని సూట్ అనుకుంటారు చాలామంది. పేరులోనే ఉంది, తడుస్తుంది. లోపలికి కొంచెం నీరు వెళ్తుంది, ఒంటి వేడికి ఆ పలుచటి పొర వెచ్చబడి అక్కడే నిలుస్తుంది. అసలు పని చేసేది మాత్రం నియోప్రీన్ రబ్బరులో ఉండే సన్నటి గాలి బుడగలు. అవే వేడిని బయటికి పోనివ్వవు. 1950ల మొదట్లో అమెరికాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ సూట్‌కి రూపం ఇచ్చారు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. 10 మీటర్ల లోతుకు వెళ్తే ఒత్తిడి రెట్టింపు అవుతుంది, ఆ బుడగలు నలిగిపోతాయి. ఒడ్డున 3 మిల్లీమీటర్లు ఉన్న సూట్ లోతులో పలచబడుతుంది. అంటే చల్లగా ఉన్న చోటే సూట్ బలం తగ్గుతుందన్నమాట. సర్ఫింగ్ కోసం చేసిన సూట్లలో రబ్బరు మరీ మెత్తగా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ నలుగుతుంది. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించిందని సర్ఫింగ్ సూట్ కొంటే ఇదే ఇబ్బంది.

మరి ఏది తీసుకోవాలి?

నీళ్లు 29 డిగ్రీలు దాటి, ఒక్క డైవ్‌తో సరిపెట్టేవాళ్లకు రాష్ గార్డ్ లేదా పొట్టి చేతులు, పొట్టి కాళ్ల షార్టీ చాలు. 26 నుంచి 29 మధ్య అయితే 3 మిల్లీమీటర్ల ఫుల్ సూట్. అండమాన్, లక్షద్వీప్ వెళ్లే మనవాళ్లలో ఎక్కువమందికి ఇదే సరైనది. నీళ్లు 25 కంటే తగ్గితే 5 మిల్లీమీటర్లు. విశాఖలో చలికాలం నీళ్లు వేసవిలో కంటే చల్లగా ఉంటాయి, కాబట్టి దిగే నెలను బట్టి అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి తేల్చుకోవాలి. సన్నగా ఉన్నవాళ్లకు, పిల్లలకు, పెద్ద వయసువాళ్లకు త్వరగా చలి వేస్తుంది, వాళ్లకు ఒక మెట్టు మందం పెంచడమే మేలు.

షార్టీ, ఫుల్ మధ్య ఊగుతుంటే మా ఓటు ఫుల్ సూట్‌కే. చలి సంగతి పక్కన పెట్టినా జెల్లీఫిష్ తగలదు, పగడపు దిబ్బకు మోకాలు గీరుకోదు, వీపు కాలదు.

అలాగని మందం ఎక్కువైతే మంచిదనీ కాదు. నియోప్రీన్ తేలుతుంది. మందం పెరిగేకొద్దీ కిందికి దిగడానికి నడుముకు సీసం బరువులు ఎక్కువ కట్టుకోవాలి. ఇది చిన్న విషయం కాదు. 3 మిల్లీమీటర్ల సూట్‌కి సరిపోయిన బరువుతోనే 5 వేసుకుని దిగితే, డైవ్ చివర్లో సిలిండర్ ఖాళీ అయి సుమారు 2 కిలోలు తేలికవుతుంది. అప్పుడు 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాల్సిన మనిషి ఆగలేక బెండులా పైకి తేలిపోతాడు. సూట్ మారిస్తే బరువు మళ్లీ చూసుకోవాల్సిందే.

సైజు సరిపోకపోతే అన్నీ దండగే

వదులుగా ఉంటే నడుము వెనక పల్లంలో, మెడ దగ్గర, చంకల్లో నీళ్లు ఆడుతూ ఉంటాయి. వెచ్చబడిన నీరు పోయి చల్లనిది వస్తుంది, సూట్ ఉన్నా లేనట్టే. మరీ బిగుతైతే ఛాతీ నిండా ఊపిరి అందదు, మెడ పట్టేసి కంగారు పుడుతుంది. వేసుకున్నాక గట్టిగా ఊపిరి తీయండి, గొంతుక్కూర్చోండి, చేతులు పైకెత్తండి. మూడూ చేయగలిగితే సైజు కుదిరినట్టే. విదేశీ సైజు చార్టుల్లో ఎత్తు కుదిరితే పొట్ట దగ్గర కుదరకపోవడం మామూలే. అందుకే ఛాతీ, నడుము, తుంటి టేపుతో కొలిచాకే ఆర్డర్ పెట్టండి.

కాలు దూరకపోతే పాదానికి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఎక్కించండి, సర్రున జారుతుంది. బోటులో మాత్రం నడుము దాకానే వేసుకుని కూర్చోండి. ఎండలో పూర్తిగా బిగించుకుంటే నీళ్లలో దిగకముందే వడదెబ్బ తగిలే ప్రమాదం ఉంది.

పిడుగురాళ్ల సున్నపురాయి.. సూట్‌లో!

కొన్ని ఖరీదైన సూట్ల మీద లైమ్‌స్టోన్ నియోప్రీన్ అని రాసి ఉంటుంది. సున్నపు బట్టీల పిడుగురాళ్ల వాళ్లకు వింతగా అనిపించవచ్చు కానీ నిజమే. పెట్రోలియం బదులు సున్నపురాయి నుంచి కార్బైడ్, దాని నుంచి రబ్బరు తీస్తారు. పర్యావరణానికి మంచిదని ప్రచారం చేస్తారు గానీ కార్బైడ్ కొలిమికి బోలెడు కరెంటు కావాలి. ఆ లేబుల్ చూసి ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

కొనాలా? అద్దెకా?

ఏడాదికి ఒక ట్రిప్ అయితే కొనడం దండగ. డైవ్ సెంటర్లు సాధారణంగా సూట్ ఇస్తాయి. బుక్ చేసేటప్పుడే మందం ఎంత, మీ సైజు ఉందా అని అడగండి. జిప్, కుట్లు ఒకసారి లాగి చూడండి. లోపల వాసన కూడా చూడండి. నీళ్లలో సూట్‌లోనే మూత్రం పోసేవాళ్లు తక్కువేం కాదు!

సొంతంగా కొన్నవాళ్లు ఇంటికొచ్చాక మంచినీళ్లలో నానబెట్టి, లోపలి వైపు బయటికి తిప్పి నీడలోనే ఆరేయాలి. వాషింగ్ మెషీన్, ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వొద్దు. మన దగ్గర మే నెల ఎండలో డాబా మీద తీగకు వేలాడదీస్తే మాత్రం రబ్బరు గట్టిపడి పగుళ్లు వస్తాయి, వచ్చే ట్రిప్‌కి ఇంకో సూట్ వెతుక్కోవాలి.