వేరు లేని చోట వేరు అతికిస్తారు!
జపాన్‌లో మేపుల్ చెట్లకు చిత్రమైన అంటు

మామిడికి అంటు కట్టడం మన రైతులకు తెలియని విద్య కాదు. మంచి చెట్టు కొమ్మను టెంక మొక్కకు అతికించి కోరిన కాయను కాయించుకోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. అయితే జపాన్ దేశంలో చెట్టుకు కొమ్మను గాక వేరును అంటు కట్టేవారున్నారు. అదీ కాయ కోసం కాదు, పండు కోసం కాదు. చెట్టు మొదలు నిండుగా కనబడాలని!

లోతు తక్కువ కుండీలో చెట్టును పొట్టిగా, ముదురుగా పెంచే పద్ధతిని అక్కడ బోన్సాయ్ అంటారు. 1923లో వచ్చిన పెద్ద భూకంపం తర్వాత టోక్యోలోని బోన్సాయ్ పెంపకందారులు కొందరు మంచి నేల, నీరు, గాలి వెతుక్కుంటూ ఒమియా అనే చోటికి తరలిపోయి, 1925లో ఒక పల్లెనే కట్టుకున్నారు. మొదటి ప్రపంచ బోన్సాయ్ మహాసభ 1989లో అక్కడే జరిగింది. 2010లో అక్కడ బోన్సాయ్‌లకు ప్రత్యేకంగా ఒక మ్యూజియం కూడా తెరిచారు. తండ్రి పెంచిన చెట్టును కొడుకు, అతని తర్వాత మనుమడు సాకుతూ రావడం అక్కడి వారికి మామూలు సంగతి.

ఈ చెట్లలో మేపుల్‌కు పెద్ద పీట. దీని ఆకు మన ఆముదపు ఆకును బాగా చిన్నది చేసినట్టు, చేతి వేళ్లలా చీలి ఉంటుంది. చలికాలం రాబోయే ముందు చెట్టంతా ఎర్రబారి, తర్వాత ఆకు రాల్చేస్తుంది.

చెట్టు మొదట్లో మట్టి పైకి తేలి నాలుగు వైపులా పరుచుకునే వేళ్లను వారు నెబారి అంటారు. చెరువు గట్టు మీది ముసలి మర్రిని చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. వేళ్లు అలా నేలను పట్టుకుని ఉంటేనే చెట్టుకు వయసు, నిలకడ కనబడతాయి. లేకపోతే పాతిన గుంజలా ఉంటుంది. చిక్కేమిటంటే, ఇరవై ముప్పై ఏళ్లు సాకిన చెట్టుకు కొమ్మలన్నీ చక్కగా కుదిరినా, ఒక పక్క వేరే ఉండకపోవచ్చు. ఆ లోటు కొనేవారి కంట ముందుగా పడుతుంది.

జామకు, దానిమ్మకు కట్టినట్టు గూటీ కట్టి చుట్టూ కొత్త వేళ్లు తెప్పించవచ్చు. మేపుల్‌కు అది బాగానే పనిచేస్తుంది. కాని గూటీ కట్టిన చోటికి కింద ఉన్న మొదలంతా వదులుకోవాలి. ఒకటి రెండు వేళ్ల లోటుకు అంత నష్టం ఎవరు భరిస్తారు? అందుకే వేళ్ల అంటు.

దీనికి ఏడాది రెండేళ్ల మేపుల్ నారు మొక్కలు కావాలి. అదే జాతివి కావాలి, లేకుంటే బెరడు రంగు తేడాగా వచ్చి అతుకు జీవితాంతం కనబడుతుంది. చలికాలం చివర, చిగురు విచ్చే ముందు కుండీ మార్చేటప్పుడు పని మొదలుపెడతారు. వేరు లేని చోట, సరిగ్గా మట్టి మట్టానికి, మానులో చిన్న గాడి చెక్కుతారు. గాడి వెడల్పు నారు మొక్క లావుకు సరిపోవాలి, వదులైతే అతకదు. నారు మొక్క కాండాన్ని రెండు పక్కలా పల్చగా చెక్కి ఆ గాడిలో బిగిస్తారు. బెరడుకూ కర్రకూ మధ్య ఉండే పల్చటి పొరలు రెండూ ఒకదానికొకటి ఆనుకోవాలి. ప్రాణమంతా ఆ పొరలోనే ఉంది. వేళ్లు బయటి వైపుకు, తల పైకి ఉండేలా పెట్టి, సన్నని మేకుతో కదలకుండా కొట్టి, నీరు దూరకుండా చుట్టూ లేపనం పూస్తారు.

ఇంతవరకు ఒక్క పూట పని. తర్వాతిదే అసలు కష్టం. నారు మొక్క తలను కత్తిరించకుండా, ఆకులు వేసి ఇష్టమొచ్చినట్టు పెరగనివ్వాలి. అది పెరిగి లావెక్కితేనే గాడిలో ఒత్తిడి పెరిగి రెండూ ఒకటవుతాయి. ఇందుకు ఒకటి రెండేళ్లు పడుతుంది. అతుకు దగ్గర బెరడు ఉబ్బి, గీత పూడిపోయాకనే తలను కోయాలి. అదీ ఒక్కసారిగా కాదు. ముందు సగం కోసి, వాడకపోతే మిగిలినది. అప్పటినుంచి ఆ చిన్న వేరును పోషించేది పెద్ద చెట్టే. తొందరపడి ముందే కోస్తే వేరు ఎండిపోతుంది. మానుకు చేసిన గాయం మాత్రం ఏళ్ల తరబడి మిగులుతుంది. అన్నీ కుదిరితే, కాలక్రమాన కొత్త వేళ్లు, పాత వేళ్లు కలిసిపోయి ఒకే పళ్లెంలా తయారవుతాయి.

మేపుల్‌కు చలికాలపు నిద్ర కావాలి గనుక మన మైదానాల వేడి దానికి పడదు. అయితే ఈ విద్య మర్రి, జువ్వి, రావి వంటి చెట్లకు ఇంకా సులువు. వాటి వేళ్లు ఒకదానితో ఒకటి ఆనుకుంటే చాలు, వాటంతట అవే కలిసిపోతాయి. కడియం నర్సరీల వంటి చోట అంటు కట్టే చేతులకు ఇదేమంత పని కాదు. పాలు కారే చెట్లు కాబట్టి కోసిన చోట పాలు తుడిచి, తడి ఆరక ముందే బిగించాలి.

పండ్ల తోటల్లోనూ ఇదే కిటుకు అక్కరకొస్తుంది. మొదట్లో బెరడు పోయి ఎండుముఖం పట్టిన చెట్టు చుట్టూ, తెగులుకు తట్టుకునే జాతి నారు మొక్కలు రెండు మూడు నాటి, వాటి తలలను గాయానికి పైన మంచి బెరడు కింద దూర్చి అతికిస్తారు. అతుకులు పట్టుకుంటే పాత చెట్టు కొత్త వేళ్ల మీద బతుకుతుంది. బెరడు చుట్టూ పూర్తిగా పోకముందే, ఆకు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే ఈ పనికి దిగాలి.