ఆడా మగా అని అడిగేలోపు

బిడ్డ పుట్టగానే కాన్పు గది బయట అందరూ అడిగేది ఒకటే: ఆడపిల్లా, మగపిల్లాడా? కొన్ని వేల కాన్పుల్లో ఒకసారి డాక్టరు దానికి వెంటనే జవాబు చెప్పలేరు. ఇంటిల్లిపాదికీ అదే దిగులు. పిల్లల హార్మోన్ వైద్యులు మాత్రం ముందు అడ్రినల్ గ్రంథుల సంగతి తేల్చుకుంటారు. కిడ్నీల మీద ఉండే ఈ రెండు చిన్న గ్రంథులూ పనిచెయ్యకపోతే బిడ్డ ప్రాణానికే ముప్పు. ఆ ముప్పు జననాంగాల్లో ఏ తేడా లేని బిడ్డకూ ఉండొచ్చు. అప్పుడు అనుమానం కూడా రాదు.

ఈ రెండు సంగతులకూ ఉన్న ముడినే లండన్ యూనివర్సిటీ కాలేజీ ప్రొఫెసర్, పిల్లల హార్మోన్ వైద్యుడు జాన్ అకర్‌మన్ పాతికేళ్లుగా విప్పుతూ వస్తున్నారు. నెల దాటిన పిండంలో అడ్రినల్ గ్రంథి పైపొరకూ, తర్వాత వృషణాలో అండాశయాలో అయ్యే బీజకోశాలకూ మూలం ఒకటే. చిన్నప్పుడే వేరుపడ్డ అన్నదమ్ముల్లా ఒకటి కిడ్నీ మీద స్థిరపడుతుంది, ఇంకొకటి కిందికి దిగుతుంది. కొలెస్టరాల్‌ నుంచి హార్మోన్లు తయారుచేసే విద్య మాత్రం రెంటికీ వస్తుంది.

ఆ ఉమ్మడి దశలో పెత్తనం చేసేది ఎస్ఎఫ్-1 అనే ప్రొటీన్. అమెరికాలో కీత్ పార్కర్, జపాన్‌లో కెన్-ఇచిరో మొరొహాషి 1992లో ఎవరికి వారుగా దాన్ని పట్టుకున్నారు. 1994లో పార్కర్ బృందం దాన్ని తయారుచేసే జన్యువు లేని ఎలుకల్ని పుట్టించింది. ఎనిమిదో రోజుకల్లా అవన్నీ చనిపోయాయి. కోసి చూస్తే అడ్రినల్ గ్రంథులూ లేవు, బీజకోశాలూ లేవు. మగ క్రోమోజోములున్న పిల్లలకూ లోపల ఆడ అవయవాలే ఉన్నాయి.

మరి మనుషుల్లో? 1999లో అకర్‌మన్, ఆయన సహచరులు ఒక బిడ్డ కథను ప్రచురించారు. చూడటానికి ఆడపిల్ల. పుట్టిన రెండు వారాల్లోపే అడ్రినల్ గ్రంథులు చేతులెత్తేశాయి. క్రోమోజోములు చూస్తే ఎక్స్‌వై. గర్భసంచి ఉంది, వృషణాలు మాత్రం ఎదగలేదు. 461 అమైనో ఆమ్లాల ఎస్ఎఫ్-1లో 35వది మారిపోయింది. ప్రొటీన్ డీఎన్ఏను పట్టుకునేది సరిగ్గా అక్కడే. ఆ జన్యువుకు రెండో ప్రతి బాగానే ఉన్నా బిడ్డను కాపాడలేకపోయింది.

తర్వాత వచ్చిన కేసులు కథను ఇంకా చిక్కుపరిచాయి. ఎస్ఎఫ్-1 జన్యువులో మార్పున్నవాళ్లలో చాలామందికి అడ్రినల్ గ్రంథులు చక్కగా పనిచేస్తున్నాయి. కొందరు మగపిల్లలకు మూత్రద్వారం ఉండాల్సినచోట లేదు. కొందరు ఆడవాళ్లకు చిన్న వయసులోనే అండాశయాలు ఉడిగిపోయాయి. ఇంకో చోట జరిగిన మార్పువల్ల ఎక్స్‌ఎక్స్ క్రోమోజోములున్నవాళ్లలో వృషణాలు ఏర్పడ్డాయని 2016లో తేలింది. జన్యువుకో జబ్బు అని పాఠాల్లో చదువుకున్న మనకు ఇది ఒక పట్టాన మింగుడుపడదు.

అడ్రినల్ దెబ్బతిన్న చంటిపిల్ల ఎలా ఉంటుందో కొంచెం ఆగి చూడాలి. పాలు సరిగా తాగదు, వాంతులు చేసుకుంటుంది, బరువు తగ్గుతుంది. ఒంట్లో ఉప్పు నిలవదు: రక్తంలో సోడియం పడిపోతుంది, పొటాషియం పెరుగుతుంది. వేలి కణుపులు, చిగుళ్లు నల్లబడతాయి. అడ్రినల్ గ్రంథులు చెయ్యాల్సిన కార్టిసోల్ అనే హార్మోన్ రావడం లేదని మెదడు కింద ఉన్న పిట్యుటరీ గ్రంథి ఏసీటీహెచ్ అనే హార్మోన్‌ను అదేపనిగా వదులుతుంది. చర్మంలో రంగు పెరిగేది దానివల్లే. ఇంట్లోవాళ్లు పిల్ల రంగు మారుతోంది అనుకుని ఊరుకుంటారు. వాంతులు అజీర్తి ఖాతాలో పడతాయి. కారణం తెలిస్తే వైద్యంలో బ్రహ్మవిద్యేమీ లేదు: హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు, పసివాళ్లకు కాస్త ఉప్పు, జ్వరం వచ్చినప్పుడు హైడ్రోకార్టిసోన్ మోతాదు పెంచడం. కాకపోతే ఈ మందులు చాలామందికి జన్మంతా తప్పవు.

కారణం తెలియడమే కష్టం. టర్కీ వైద్యులతో కలిసి అకర్‌మన్ బృందం 2016లో వెలువరించిన అధ్యయనంలో, ఎక్కువగా కనిపించే కారణాలన్నీ పక్కనపెట్టాక కూడా అంతుచిక్కని 95 మంది పిల్లల్ని పరీక్షించారు. 77 మందిలో దోషం ఉన్న జన్యువు దొరికింది. అంత పేరున్న ఎస్ఎఫ్-1 అందులో ఒక్కరికే. అన్నిటికన్నా ఎక్కువసార్లు తేలింది ఏసీటీహెచ్‌ను అందుకునే ప్రొటీన్ తాలూకు జన్యువు. తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడ్డ ప్రతులే వస్తేగానీ ఆ జబ్బు రాదు. టర్కీలోనూ దగ్గరి బంధువుల పెళ్లిళ్లు మామూలే. మేనరికాలు ఎరిగిన మనకు ఆ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇంకో పన్నెండు మందిలో దోషం దొరికింది డాక్స్-1 అనే జన్యువులో. ఇది ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి రెండో ఎక్స్ ఉన్న తల్లికి సాధారణంగా ఏ ఇబ్బందీ ఉండదు, ఉన్న ఒక్క ఎక్స్‌లో దోషం వచ్చిన కొడుక్కి జబ్బు చేస్తుంది. పసితనంలో గండం గట్టెక్కినవాడికి పద్నాలుగేళ్లొచ్చినా యుక్తవయసు లక్షణాలు రాకపోవచ్చు. అందుకే ఇలాంటి పిల్లాణ్ని తీసుకొచ్చిన తల్లిని డాక్టరు అడుగుతారు: "మీ అన్నదమ్ముల్లో ఎవరైనా చంటితనంలోనే పోయారామ్మా?" వాంతులతోనో, ఏదో సుస్తీతోనో పోయాడని చెప్పుకునే ఆ మేనమామ మరణానికి అసలు కారణం ఒక్కోసారి ముప్పై ఏళ్ల తర్వాత మేనల్లుడి రక్తపరీక్షలో బయటపడుతుంది. ఆ ఇంట్లో తర్వాత పుట్టే మగబిడ్డకు పుట్టిన వెంటనే పరీక్ష చేసి, దోషం ఉంటే మొదటి వాంతి కాకముందే మందు మొదలుపెట్టొచ్చు.