పాతికేళ్ళు నిలవుండే భోజనం: వరద సాయానికి ఎంతవరకు పనికొస్తుంది?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, చుట్టుపక్కల కాలనీలు మునిగిన నాటినుంచి మన దాతలు తరచుగా ఒక మాట అడుగుతున్నారు. మళ్ళీ అలాంటి రోజు వస్తే, గ్యాసు పొయ్యిలు వెతికి, వండి, పొట్లాలు కట్టేదాకా ఆగకుండా, ముందుగానే నిలవచేసిన భోజనం సొసైటీ దగ్గర ఉండకూడదా అని. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడ ఫ్రీజ్‌డ్రై భోజనం డబ్బాలు దొరుకుతాయి, వాటిమీద 25 ఏళ్ళు, 30 ఏళ్ళు నిలవ అని రాసి ఉంటుంది, ఒక్కసారి కొని పెడితే మళ్ళీ చూసుకోనక్కరలేదు, ఖర్చు మేము భరిస్తాం అన్నారు. మీరిచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్ కాబట్టి, సరే అనేముందు ఆ భోజనం ఏమిటో, ఎలా ఉంటుందో తెలుసుకున్నాం. ఆ సంగతులు మీ ముందు పెడుతున్నాం.

బీరువాలో బట్టల మధ్య వేసిన కలరా ఉండ నెలలు గడిచేకొద్దీ చిన్నదై చివరికి మాయమవుతుంది. కరిగి బట్టలు తడపదు. గడ్డగా ఉన్నది గడ్డగానే ఆవిరైపోతుంది. గాలి ఒత్తిడి బాగా తగ్గిస్తే మంచుగడ్డ కూడా అలాగే చేస్తుంది. ఫ్రీజ్‌డ్రై పద్ధతికి ఇదే మూలం. వండిన అన్నం, కూర, పండ్ల ముక్కలు వంటివాటిని సున్నాకు దిగువన 40 డిగ్రీల దాకా చల్లబరచి గడ్డకట్టిస్తారు. తరువాత గాలి తోడేసిన పెట్టెలో ఉంచి మెల్లగా వేడి తగిలిస్తారు. లోపలి మంచు మధ్యలో నీరు కాకుండా నేరుగా ఆవిరై బయటికి పోతుంది. పదార్థంలోని నీటిలో నూటికి 98 వంతుల దాకా ఇలా తీసేయవచ్చు. ఇళ్ళలో వాడుకునే చిన్న యంత్రానికే ఒక విడత పూర్తి కావడానికి 20 నుంచి 40 గంటలు పడుతుంది. అంతసేపు కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది. ధర ఎందుకంత ఎక్కువో వేరే చెప్పనక్కరలేదు.

మన ఇళ్ళలో వంకాయ ఒరుగులు, మామిడి ఒరుగులు ఎండబెడతాం. అవి ముడుచుకుపోయి గట్టిపడతాయి. ఫ్రీజ్‌డ్రై చేసిన ముక్క అలా ముడుచుకోదు. మంచు ఉన్నచోట సన్నని రంధ్రాలు మిగిలి, ఆకారం అలాగే ఉండి, దూదిలా తేలికవుతుంది. వేడినీళ్ళు పోస్తే ఆ రంధ్రాల్లోకి నీరు చొచ్చుకుపోయి పది నిమిషాల్లో మళ్ళీ మెత్తబడుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల రైతులు రాత్రి మంచులో బంగాళాదుంపలను గడ్డకట్టించి, పగలు తొక్కి ఎండబెట్టి ఏళ్ళ తరబడి దాచుకునే పద్ధతి దీనికి పాత చుట్టమే. రెండో ప్రపంచయుద్ధంలో రక్తపు ప్లాస్మాను ఇలా ఎండబెట్టి యుద్ధరంగానికి పంపారు. వియత్నాం యుద్ధంలో అమెరికా గస్తీ దళాలకు, అపోలో వ్యోమగాములకు ఇలాంటి భోజనమే ఇచ్చారు. మోసేవాడికి బరువు తగ్గాలన్నదే అక్కడ లెక్క.

ఇక నిలవ సంగతి. ఆహారాన్ని పాడుచేసే సూక్ష్మజీవులకు నీరు కావాలి. నీరు తీసేస్తే అవి పెరగవు. కానీ చావవు కూడా, నిద్రలో ఉంటాయంతే. ప్రయోగశాలల్లో సూక్ష్మజీవులను ఏళ్ళ తరబడి భద్రపరచడానికి కూడా ఇదే పద్ధతి వాడతారన్నది గుర్తుంచుకోవాలి. అందుకే ఒకసారి నీళ్ళు కలిపాక అది మామూలు వండిన అన్నమే. రెండు గంటల్లో తినేయాలి. నీరు లేకపోయినా మరో శత్రువు మిగిలే ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ కొవ్వును చెడగొట్టి పాత నూనె వాసన తెస్తుంది. దానికోసం అల్యూమినియం పొర ఉన్న సంచిలో పెట్టి, లోపల ఇనుప పొడి ఉన్న చిన్న పొట్లం వేస్తారు. ఆ ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను తానే తీసుకుంటుంది. కొవ్వు ఆవిరయ్యేది కాదు కాబట్టి నూనె, నెయ్యి ఎక్కువున్న వంటకాలు ఈ పద్ధతికి అంతగా నప్పవు. మన హలీమ్ లాంటిది దీనికి లొంగదన్నమాట.

డబ్బామీద రాసిన 25 ఏళ్ళు అబద్ధం కాదు. అయితే ఆ మాట చల్లని, పొడిగా ఉండే, చీకటి గదికి వర్తిస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే పదార్థం చెడే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. చల్లటి దేశంలో 20 డిగ్రీల గదిలో పాతికేళ్ళు నిలిచేది, మే నెలలో 40 దాటే విజయవాడలో రేకుల షెడ్డు కింద ఎన్నేళ్ళు నిలుస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు. ఇంకో తేడా కూడా ఉంది. నిలవుండడం వేరు, రుచిగా ఉండడం వేరు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంవారు డబ్బాల్లో బిగించిన గోధుమలు, తెల్లబియ్యం వంటి పొడి ధాన్యాలు దాదాపు 30 ఏళ్ళ తరువాత కూడా తినడానికి పనికొస్తాయని చూపారు. ప్రాణం నిలబెడతాయి, కడుపు నింపుతాయి. కొత్తలో ఉన్న కమ్మదనం మాత్రం ఉండదు, కొన్ని విటమిన్లు కూడా తగ్గుతాయి. అసలు తెల్లబియ్యమే సరిగా బిగిస్తే అంతకాలం ఉంటాయని తెలిశాక, ఫ్రీజ్‌డ్రై మీద మాకున్న అబ్బురం కొంత తగ్గింది.

రుచి చూడకుండా మాట్లాడడం ఎందుకని కొన్ని శాకాహార పొట్లాలు తెప్పించి, కమిటీ సభ్యులం, మన వంటవాళ్ళం కలిసి తిన్నాం. వేడినీళ్ళు పోసినప్పుడు అన్నం బాగానే విచ్చుకుంది. గరిటె సరిగా తిప్పని అడుగుభాగంలో మాత్రం పలుకులు పంటికింద కరకరలాడాయి. బఠాణీలు, మొక్కజొన్న గింజలు తాజావాటిలాగే ఉన్నాయి. పండ్ల ముక్కలను నీళ్ళు పోయకుండా పిల్లలకు ఇస్తే పోటీపడి తిన్నారు. పనీరు ముక్కలు మాత్రం నానిన మీల్‌మేకర్‌లా సాగాయి. ఉప్పు ఎక్కువ, కారం దాదాపు సున్నా. ఆవకాయ బద్ద ఉంటే తప్ప రెండో పూట ఎవరూ ముట్టరని మన పెద్ద వంటమనిషి తేల్చేశారు. మరో పొట్లంలో కావాలనే చన్నీళ్ళు పోశాం. అరగంట దాటినా మధ్యలో పొడిపొడిగానే ఉంది.

ఆ చన్నీళ్ళ పొట్లం దగ్గరే మా ఆలోచన మారింది. బుడమేరు వరదలో పై అంతస్తుల్లో చిక్కుకున్న కుటుంబాలకు పడవలమీద, హెలికాప్టర్లతో, చివరికి డ్రోన్లతో కూడా ఆహారం అందించాల్సి వచ్చింది. చుట్టూ నీళ్ళే, తాగడానికి గుక్కెడు లేవు. కరెంటు లేదు. కింది ఇళ్ళలో సిలిండర్లు మునిగిపోయాయి. ఇద్దరికి సరిపడే ఒక పొట్లానికి సుమారు అర లీటరు మరిగిన నీళ్ళు కావాలి. తేలికైన భోజనం పంపామని సంతోషించేలోపు, దాంతోపాటు నీళ్ళూ, పొయ్యీ పంపాల్సి వస్తుంది. ఆకలికి తాళలేక ఎవరైనా వరద నీళ్ళు కలుపుకుంటే జరిగేది చెప్పనే అక్కరలేదు. మోతబరువు తగ్గించడానికి పుట్టిన ఆహారం ఇది. దారిలో మంచినీళ్ళు, నిప్పు దొరికే చోటే దాని గొప్పతనం.

హలాల్ సంగతి కూడా కొందరు అడిగారు. విదేశీ డబ్బాల్లో కోడి, గొడ్డు మాంసం ఉన్నవే ఎక్కువ, హలాల్ ముద్ర ఉన్నవి తక్కువ. దీనికి మా జవాబు తేలిక. వరదలో మన పడవ ఆగే ప్రతి మెట్టుమీదా అన్ని మతాలవాళ్ళూ ఉంటారు. అందరూ నిస్సంకోచంగా చేయి చాచేలా శాకాహారమే పంపడం మేలు.

మరేది కొనాలి? మైసూరులో రక్షణశాఖకు డీఎఫ్‌ఆర్‌ఎల్ అనే పేరుతో ఆహార పరిశోధనశాల ఉండేది. 1984లో రాకేశ్ శర్మ అంతరిక్షానికి తీసుకెళ్ళిన హల్వా, పులావు అక్కడ తయారైనవే. పొట్లంలోనే బిగించి ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల దగ్గర ఉడికించే రిటార్ట్ పద్ధతిని మన వంటలకు అనువుగా మలచడంలోనూ ఆ సంస్థ పాత్ర పెద్దది. ఈ పొట్లాలు బరువే, నిలవ కూడా ఏడాది మాత్రమే. కానీ సూక్ష్మజీవులు చస్తాయి, చించి అలాగే తినొచ్చు, కిచిడీ కిచిడీలాగే ఉంటుంది. వాటికి తోడు అటుకులు, వేయించిన శనగపప్పు, సత్తుపిండి, బెల్లం, పల్లీ పట్టి, ఖర్జూరాలు. ఇందులో సత్తుపిండికి తప్ప దేనికీ నీళ్ళు అక్కరలేదు. పిల్లలు మారాం చేయకుండా తింటారు. ముసలివాళ్ళకు పట్టి లాంటివి కొంచెం కష్టమవుతాయి.

ఇవన్నీ ఏళ్ళ తరబడి నిలవుండని సరుకులే కదా అంటే, మనకు కావలసిందీ అంతే. మన దగ్గర వరదలు జూలై నుంచి సెప్టెంబరు దాకా, తుఫాన్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి జూలైలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కొంటాం. మొదటి విడతలో వాడనిది నవంబరుకల్లా మన విద్యార్థుల హాస్టలుకు వెళుతుంది. రెండో విడతది రంజాన్ కిట్లలోకి. (రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు వస్తుంది కనుక ఈ ఏర్పాటును కొన్నేళ్ళకోసారి సరిచూసుకోవాలి.) తేదీ దాటి పారబోసే గింజ ఉండదు. ఫ్రీజ్‌డ్రై పొట్లాలు కొద్దిగా మాత్రం తీసుకుంటున్నాం. కొండచరియలు విరిగి దారులు తెగిన ఏజెన్సీ గూడేలకు నడిచివెళ్ళే మన కార్యకర్తల సంచుల్లోకి అవి. వాళ్ళకు వాగు నీళ్ళు మరిగించుకునే వీలుంటుంది.

డబ్బాలకు ఇస్తామన్న సోదరులతో మాట్లాడాం. ఆ సొమ్మును నిలవగదికి ఇవ్వమని కోరాం, వాళ్ళు ఒప్పుకున్నారు. ఇప్పుడు సరుకు ఉంటున్నది రేకుల షెడ్డులో. నేలమీది గది అయితే వరదకు మునుగుతుంది, పైకప్పు కిందిదైతే ఎండకు కాగుతుంది. అందుకని రెండంతస్తుల భవనంలో మొదటి అంతస్తు గది, ఉత్తరం వైపు కిటికీ ఉన్నది, అద్దెకు చూస్తున్నాం. సింగ్‌నగర్‌కు పడవ దింపే చోటికి దగ్గరలో అలాంటి గది మీ ఎరుకలో ఉంటే, జూన్ నెలాఖరులోగా కార్యాలయంలో చెప్పగలరు.